15 పాయింట్ల సగటుతో 11 టైటిళ్లు: బిల్ రసెల్ ఆటను ఎలా చూడాలి

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడిన బిల్ రసెల్ మ్యాచ్‌కు సగటున 15 పాయింట్లే చేశాడు కదా, మరి అతన్ని మైకేల్ జోర్డాన్, విల్ట్ చాంబర్లేన్ సరసన ఎందుకు నిలబెడతారని మీరు అడిగారు. 11 టైటిళ్లు బోస్టన్ సెల్టిక్స్ జట్టువి తప్ప అతనొక్కడివి కావు కదా అని కూడా అన్నారు. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పినవాడిని. ఈ సందేహం నాకు కొత్త కాదు. కోర్టులో కొత్తగా అడుగుపెట్టిన ప్రతి పిల్లవాడూ బంతిని రింగులో వేయడమే ఆట అనుకుంటాడు. వాళ్ల చేత ఆ మాట మరిపించడానికి నేను ఎక్కువగా చెప్పింది రసెల్ కథే. అందుకే కాస్త విస్తారంగా రాస్తున్నాను.

ముందు మీ లెక్కలనే తీసుకుందాం. 1956 నుంచి 1969 వరకు 13 సీజన్లలో 963 మ్యాచ్‌లు ఆడాడు. 14,522 పాయింట్లు, అంటే మ్యాచ్‌కు 15.1. విసిరిన షాట్లలో 44 శాతం పడ్డాయి. ఫ్రీ త్రోలైతే, అంటే ఫౌల్‌కు బదులుగా దొరికే అడ్డులేని షాట్లైతే, 56 శాతమే. ఈ అంకెలు చూసి ఎవరికైనా అనుమానం రావడం సహజం. అయితే రీబౌండ్ల గడి, అంటే పడకుండా తిరిగొచ్చిన బంతిని చేజిక్కించుకున్న లెక్క, కూడా చూడండి: 21,620. మ్యాచ్‌కు 22.5. 1960 ఫిబ్రవరిలో సిరాక్యూజ్ జట్టు మీద ఒక్క మ్యాచ్‌లోనే 51 రీబౌండ్లు తీశాడు. ఇక అతని అసలు పనికి స్కోరు కాగితంలో గడే లేదు. ఎన్‌బీఏలో బ్లాకులను, అంటే ప్రత్యర్థి షాటును గాలిలోనే అడ్డుకోవడాన్ని, లెక్కపెట్టడం 1973–74 సీజన్‌లో మొదలైంది. అప్పటికి రసెల్ ఆట మానేసి నాలుగేళ్లయింది. అతను ఎన్ని షాట్లను అడ్డుకున్నాడో అధికారికంగా ఎక్కడా నమోదు కాలేదు. చేసిన పనిలో సగం లెక్కలోకి రాని మనిషిని మిగిలిన సగంతో కొలిస్తే 15 పాయింట్లే కనిపిస్తాయి.

ఆ బ్లాకు ఎలా ఉండేదో చెప్పాలి. ఇప్పటికీ చాలామంది సెంటర్లు, అంటే రింగు దగ్గర ఆడే పొడవాటి ఆటగాళ్లు, ప్రత్యర్థి షాటును ప్రేక్షకుల్లోకి బాదేస్తారు. గ్యాలరీ హోరెత్తుతుంది. కానీ బంతి బయటకు పోయింది కాబట్టి మళ్లీ ప్రత్యర్థికే దక్కుతుంది. రసెల్ అలా బాదేవాడు కాదు. ఎడమచేతి వాటం అతనిది. కుడిచేత్తో షాట్ వేసే ఆటగాడికి ఎదురుగా నిలబడితే ఆ ఎడమ చెయ్యి సరిగ్గా బంతికి ఎదురుగా లేస్తుంది. వేళ్ల కొసలతో బంతిని మెల్లగా తట్టి, తన జట్టువాడు ఉన్న వైపు పడేసేవాడు. ఆ బంతి సహచరుడు బాబ్ కూజీ చేతికి చిక్కిందంటే మరుక్షణం ఫాస్ట్ బ్రేక్, అంటే ప్రత్యర్థి సర్దుకునేలోపే మెరుపుదాడి, మొదలయ్యేది. ప్రత్యర్థికి రావలసిన రెండు పాయింట్లు పోయి, బోస్టన్‌కు రెండు పాయింట్లు వచ్చేవి. ఆ రెండు పాయింట్లు కూజీ పేరు మీదో మరో సహచరుడు బిల్ షార్మన్ పేరు మీదో పడేవి. రసెల్ పేరు ఎక్కడా ఉండేది కాదు.

ఇంకా లోతైన విషయం ఒకటుంది. అతను ప్రతి షాటుకూ ఎగిరేవాడు కాదు. ఎప్పుడు ఎగురుతాడో తెలియకుండా ఉంచేవాడు. ఆటగాడు రింగు దగ్గరికి దూసుకొస్తూ ఒక్క రెప్పపాటు రసెల్ ఎక్కడున్నాడని వెతుక్కుంటే చాలు, షాటు గతి తప్పేది. బోస్టన్ గార్డులకు, అంటే రింగుకు దూరంగా బంతి నడిపే ఆటగాళ్లకు, ఇది కొండంత అండ. బంతి లాక్కునే ప్రయత్నంలో తాము కాపలా కాస్తున్న ప్రత్యర్థి దాటిపోయినా వెనక రసెల్ ఉన్నాడన్న ధీమాతో తెగించి ఆడేవారు. దాటిపోతే అతని పేరు పెట్టి కేకేసేవారు. తరవాతి సంగతి అతను చూసుకునేవాడు. ఒక్కడి కాపలా వల్ల మిగిలిన నలుగురూ ధైర్యవంతులయ్యారు.

జట్టు గొప్పదన్న మీ వాదనకు ఇక్కడే సమాధానం మొదలవుతుంది. కూజీ, షార్మన్ రసెల్ రాకముందు కూడా బోస్టన్‌లోనే ఉన్నారు. పాయింట్లకు ఆ జట్టుకు ఎన్నడూ కరువు లేదు. ఒక్క టైటిల్ కూడా రాలేదు. రసెల్ వచ్చిన మొదటి సీజన్‌లోనే వచ్చింది. 1963లో కూజీ రిటైరయ్యాక మరో ఐదు వచ్చాయి. తరవాతి కాలపు పరిశోధకులు పాత స్కోర్లను తవ్వి, బంతి చేతికి వచ్చిన ఒక్కో దఫాకు జట్లు ఎన్ని పాయింట్లు చేశాయో అంచనా వేశారు. ఆ లెక్క ప్రకారం రసెల్ కాలంలో బోస్టన్ డిఫెన్సు దాదాపు ప్రతి సీజన్‌లోనూ లీగ్‌లో మొదటి స్థానంలో ఉంది. దాడిలో మాత్రం కొన్ని సీజన్లలో అట్టడుగున ఉంది. ఆ సీజన్లలోనూ టైటిల్ వాళ్లదే. రసెల్, అతని సహచరుడు శామ్ జోన్స్ ఇద్దరూ వెళ్లిపోయిన 1969–70లో అదే జట్టు 34 మ్యాచ్‌లు గెలిచి 48 ఓడింది. టైటిల్ కోసం జరిగే చివరి దశ పోటీలైన ప్లేఆఫ్స్‌కే చేరలేదు.

ఇలా ఆడటం అతను ఎక్కడ నేర్చుకున్నాడన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

1934 ఫిబ్రవరి 12న లూయిసియానా రాష్ట్రంలోని మన్రోలో పుట్టాడు. జాతి వివక్ష చట్టబద్ధంగా సాగుతున్న దక్షిణ ప్రాంతం అది. తండ్రి చార్లీ ఒకసారి పెట్రోలు కోసం ఆగితే, తెల్లవాళ్లందరికీ పోసేవరకు కదలవద్దని అక్కడివాడు తుపాకీ గురిపెట్టాడు. తల్లి కేటీ మంచి దుస్తులు వేసుకుని వీధిలోకి వెళితే, ఇవి తెల్ల స్త్రీలు వేసుకునేవి, ఇంటికి పొమ్మని ఒక పోలీసు గద్దించాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, బిల్‌కు ఎనిమిదేళ్ల వయసులో, ఆ కుటుంబం కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌కు వలస వచ్చింది. పన్నెండేళ్లకు తల్లి చనిపోయింది. తండ్రి పిల్లలకు దగ్గరగా ఉండాలని ట్రక్కుల వ్యాపారం వదిలి ఉక్కు ఫౌండ్రీలో కూలీగా చేరాడు.

తల్లి పోయాక ఆ పిల్లవాడు లైబ్రరీలో గడిపేవాడు. అక్కడ మైకలాంజెలో, లియొనార్డో డావిన్చి చిత్రాల ప్రతులు చూసి, ఒక్కొక్క వివరం కంఠస్థం చేసినట్టు మనసులో నిలుపుకుని, ఇంటికి వెళ్లి చూడకుండా గీయడానికి ప్రయత్నించేవాడు. బొమ్మలు కుదరలేదు. ఆ అలవాటు మాత్రం నిలిచింది.

ఆటలో అతను మొదట ఎవరి కంటికీ ఆనలేదు. మెక్‌క్లైమండ్స్ హైస్కూల్ జూనియర్ జట్టులో జెర్సీలు 15 ఉంటే ఇతను 16వ వాడు. మరో కుర్రాడితో ఒకే జెర్సీ పంచుకుని, ఒక మ్యాచ్‌కు అతను, ఒక మ్యాచ్‌కు ఇతను వేసుకునేవారు. జార్జ్ పౌల్స్ అనే కోచ్ అతన్ని తీసేయకుండా ఉంచాడు. నేను కోచ్‌గా గర్వపడే సందర్భాల్లో ఇదొకటి: ఎన్‌బీఏ చరిత్రలో అత్యధిక టైటిళ్లు గెలిచిన ఆటగాడు, ఒక బడి కోచ్ ఓపిక పట్టడం వల్ల మిగిలాడు. స్కూలు చదువు ముగిశాక అతను కాలిఫోర్నియా కుర్రాళ్ల జట్టుతో కలిసి బస్సులో ఊళ్లు తిరుగుతూ ఆడాడు. ఆ బస్సులో కళ్లు మూసుకుని, తోటివాళ్లు వేసే ఎత్తుగడలను చిత్రాల్లాగే మనసులో నిలుపుకునేవాడు. ఆ ఎత్తును తాను వేస్తున్నట్టు, తరవాత దాన్ని తాను అడ్డుకుంటున్నట్టు అద్దంలో బొమ్మలా తిప్పి చూసుకునేవాడు. డిఫెన్సును అతను అలా ఊహలో కట్టుకున్నాడు.

స్కాలర్‌షిప్ ఇస్తామన్నది ఒకే ఒక్క కాలేజీ, యూనివర్సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో. అప్పటికి దానికి సొంత జిమ్ కూడా లేదు. అక్కడ గదిలో తోడు దొరికినవాడు కె.సి. జోన్స్. ఇద్దరూ గంటల తరబడి కోణాల గురించి మాట్లాడుకునేవారు: రింగు నుంచి బంతి ఏ వేగంతో, ఏ వైపు తిరిగివస్తుంది, ఎవడిని ఏ దిక్కుకు నెడితే రెండో డిఫెండర్ వలలో పడతాడు అని. డిఫెండర్ కాళ్లు నేల మీదే ఉండాలని, షాటును ఆపడానికి ఎగరడం తప్పని ఆ కాలం కోచ్‌ల గట్టి నమ్మకం. రసెల్ ఆ నమ్మకాన్ని మార్చేశాడు. 1955లో, 1956లో వరసగా జాతీయ కాలేజీ టైటిళ్లు గెలిచారు. అతను ఉండగా వరసగా 55 మ్యాచ్‌లు గెలిచారు. చివరికి రింగు కింద గీతల మధ్య వెడల్పును 6 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచుతూ నిబంధన మార్చారు, పొడవాటి ఆటగాడు రింగు దగ్గరే పాతుకుపోకుండా. ఒక కుర్రాడి కోసం కోర్టు కొలతలు మార్చారంటే అతని ప్రభావం ఎంతటిదో మీరే ఆలోచించండి. అన్నట్టు, హైజంప్‌లో కూడా అతను అప్పట్లో ప్రపంచ స్థాయి అథ్లెట్.

1956 చివర్లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అమెరికాకు స్వర్ణం గెలిచాకే సెల్టిక్స్‌లో చేరాడు. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో అతన్ని తీసుకున్నది సెయింట్ లూయిస్ హాక్స్. బోస్టన్ కోచ్ రెడ్ ఔర్‌బాక్ తన నిలకడైన స్కోరర్ ఎడ్ మకాలీని, క్లిఫ్ హేగన్‌ను ఇచ్చి రసెల్‌ను తెచ్చుకున్నాడు. షాట్లు వేయడం రాదని నలుగురూ అనుకుంటున్న కుర్రాడికి ఔర్‌బాక్ చెప్పిన మాట సారాంశం ఇది: పాయింట్ల గురించి దిగులు పడకు, నీ జీతం మాట్లాడేటప్పుడు ఆ లెక్క మన మధ్యకు రాదు. ఈ ఒక్క హామీ రసెల్‌ను రసెల్‌గా మిగిల్చిందని నా నమ్మకం.

ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే సిరీస్ కాబట్టి, ఏడో మ్యాచ్ దాకా వస్తే అదే ఆఖరిది. 1957 ఫైనల్ ఏడో మ్యాచ్ అదే హాక్స్‌తో. చివరి నిమిషంలో బోస్టన్ ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉండగా, హాక్స్ ఆటగాడు జాక్ కోల్‌మన్‌కు మధ్య గీత దగ్గర బంతి దొరికింది. ముందు ఎవరూ లేరు. రసెల్ కోర్టుకు అవతలి కొసన ఉన్నాడు. అక్కడి నుంచి పరుగెత్తుకొచ్చి ఆ షాటును ఆపాడు. రెండు ఓవర్‌టైమ్‌ల తరవాత బోస్టన్ 125–123తో గెలిచింది. మరుసటి ఏడాది ఫైనల్లో మూడో మ్యాచ్‌లో అతని చీలమండ దెబ్బతింది. ఆరో మ్యాచ్‌లో హాక్స్ వీరుడు బాబ్ పెటిట్ 50 పాయింట్లు చేశాడు. బోస్టన్ ఒక్క పాయింటుతో టైటిల్ పోగొట్టుకుంది. ఆ తరవాత 1959 నుంచి 1966 వరకు వరసగా ఎనిమిది టైటిళ్లు.

ఇప్పుడు విల్ట్ చాంబర్లేన్ సంగతి. 7 అడుగుల ఒక అంగుళం ఎత్తు, అపారమైన బలం. 1961–62లో అతని సగటు 50.4 పాయింట్లు. ఆ మార్చి 2న ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు చేశాడు. ఆ సీజన్‌లో రసెల్ సగటు 18.9. అత్యుత్తమ ఆటగాడి అవార్డును అప్పట్లో ఆటగాళ్లే ఓటు వేసి ఎంచుకునేవారు. ఆ ఇద్దరినీ మైదానంలో ఎదుర్కొన్నవాళ్లు వేసిన ఓట్లతో గెలిచింది రసెల్. మీ ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నా దగ్గర లేదు. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో ఈ రెండు జట్లు ఏడో మ్యాచ్ దాకా వెళ్లాయి. సీజనంతా యాభై చొప్పున చేసిన చాంబర్లేన్ ఆ మ్యాచ్‌లో 22 దగ్గర ఆగిపోయాడు. బోస్టన్ 109–107తో గెలిచింది. తరవాత లాస్ ఏంజెలిస్ జట్టు లేకర్స్‌తో ఫైనల్ ఏడో మ్యాచ్‌లో రసెల్ 30 పాయింట్లు, 40 రీబౌండ్లు. అవసరమైతే పాయింట్లు కూడా చేయగలడు. ప్లేఆఫ్స్‌లో ఈ ఇద్దరి జట్లు ఎనిమిది సిరీస్‌లలో తలపడితే ఏడు రసెల్ జట్టువే. ఇంత పోటీలోనూ ఇద్దరూ స్నేహితులు. చాంబర్లేన్ పండగ పూట రసెల్ ఇంట్లో భోజనం చేసేవాడు.

మీ వైపు న్యాయం కూడా ఒప్పుకోవాలి. అప్పట్లో చాలా సీజన్లలో లీగ్‌లో ఎనిమిది తొమ్మిది జట్లే ఉండేవి, టైటిల్‌కు రెండు సిరీస్‌లు గెలిస్తే సరిపోయేది. 11 అన్న అంకెను నేటి లీగ్‌తో నేరుగా పోల్చడం సరికాదు. అయితే జట్లు తక్కువైతే మేటి ఆటగాళ్లు కొద్ది జట్లలోనే గుమికూడి ఉంటారు. చాంబర్లేన్ లాంటివాడు ఏడాదికి పది పన్నెండు సార్లు ఎదురుపడతాడు. ఎన్‌బీఏ ఏడో మ్యాచ్‌లు రసెల్ పది ఆడాడు, పదీ గెలిచాడు. అదృష్టం పదిసార్లు వరసగా ఒకే ఇంటి తలుపు తట్టదు. తప్పులు చేయలేదని కాదు. 1965లో ఫిలడెల్ఫియాతో ఏడో మ్యాచ్‌లో ఐదు సెకన్లు మిగిలి, ఒక్క పాయింటు ఆధిక్యం ఉండగా, అతను లోపలికి విసిరిన బంతి రింగును పట్టి ఉంచే తీగకు తగిలి ప్రత్యర్థికి పోయింది. నేను చెడగొట్టాను, ఎవరైనా కాపాడండని సహచరులను అడిగాడు. జాన్ హావ్లిచెక్ ప్రత్యర్థి పాస్‌ను చేత్తో తట్టి కాపాడాడు. పెద్ద మ్యాచ్‌లకు ముందు రసెల్ ఒత్తిడితో వాంతి చేసుకునేవాడు. అంత భయం అనుభవిస్తూ అంత నిబ్బరంగా ఆడాడు.

ఈ గెలుపులన్నీ ఎలాంటి జీవితం మధ్య వచ్చాయో చెప్పకపోతే నా సమాధానం అసంపూర్ణమే. 1961లో కెంటకీలోని లెక్సింగ్టన్‌కు ప్రదర్శన మ్యాచ్ కోసం వెళితే, నల్లజాతి ఆటగాళ్లకు హోటల్ కాఫీ షాపులో తిండి పెట్టలేదు. రసెల్, నల్లజాతి సహచరులు ఆడకుండా వెనక్కి వచ్చేశారు. బోస్టన్ దగ్గర రీడింగ్ అనే ఊళ్లో ఇల్లు కొనుక్కుంటే, ఎవరో చొరబడి ట్రోఫీలు పగలగొట్టి, గోడల మీద జాతి దూషణలు రాసి, పడక మీద మలం వేసి పోయారు. ఆ నగరానికి అతను వరసగా టైటిళ్లు తెచ్చిపెడుతున్న రోజులవి. 1963లో పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను హత్య చేశాక, ప్రాణభయాన్ని పక్కనపెట్టి మిసిసిపీలోని జాక్సన్‌కు వెళ్లి, నల్ల పిల్లలకూ తెల్ల పిల్లలకూ కలిపి బాస్కెట్‌బాల్ నేర్పాడు. 1967లో సైన్యంలో చేరనన్న ముహమ్మద్ అలీకి అండగా క్లీవ్‌లాండ్‌లో నిలిచాడు.

రసెల్ చెప్పిన సంగతి ఒకటుంది. అతని తాత మనవడి ఆట చూడటానికి దక్షిణాది నుంచి వచ్చాడు. మ్యాచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో శామ్ జోన్స్, హావ్లిచెక్, అంటే ఒక నల్లవాడు, ఒక తెల్లవాడు, పక్కపక్కనే స్నానం చేస్తూ మాట్లాడుకోవడం చూసి ఏడ్చేశాడు. ఒకరి ఒంటి మీది నీళ్లు మరొకరి మీద పడటం బతికుండగా చూస్తాననుకోలేదన్నాడట. ఊరి బావి దగ్గర ఎవరు ఎంత దూరంలో నిలబడాలో నియమం పెట్టిన సమాజంలో పుట్టినవాళ్లం. ఆ ముసలాయన కన్నీళ్లు మనకు అర్థమవుతాయి.

1966లో ఔర్‌బాక్ తన కోచ్ పదవిని రసెల్‌కు అప్పగించాడు. ఎన్‌బీఏలో తొలి నల్లజాతి హెడ్ కోచ్ అతనే, అదీ ఆడుతూనే. తెల్ల ఆటగాళ్ల పట్ల వివక్ష లేకుండా ఉండగలరా అని విలేఖరి అడిగాడు. అప్పటిదాకా తెల్ల కోచ్‌లను ఎవరూ అడగని ప్రశ్న అది. మొదటి ఏడాది చాంబర్లేన్ జట్టు చేతిలో ఓడిపోయారు. 1968లో అదే జట్టుతో 3–1తో వెనకబడి కూడా సిరీస్ గెలిచారు. అంతకుముందు ఎన్‌బీఏలో ఏ జట్టూ చేయని పని అది. ఆ ఏడాది టైటిల్ కూడా వాళ్లదే.

చివరి సీజన్ నాటికి వయసు 35. జట్టు తూర్పు విభాగంలో నాలుగో స్థానంలో నిలిచింది. ఫైనల్లో ఎదురుగా జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్, చాంబర్లేన్ ముగ్గురూ ఉన్న లేకర్స్. 1969 మే 5న ఏడో మ్యాచ్ లాస్ ఏంజెలిస్‌లో. గెలుపు సంబరాల కోసం లేకర్స్ యజమాని జాక్ కెంట్ కుక్ పైకప్పుకు వేలాది బెలూన్లు కట్టించాడు, బ్యాండు మేళం ఏర్పాటు చేశాడు. బోస్టన్ 108–106తో గెలిచింది. వెస్ట్ 42 పాయింట్లు చేసి కూడా ఓడిపోయాడు. ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి అవార్డు మొదటిసారి ఇచ్చింది ఆ ఏడాదే. అది ఓడిన జట్టులోని వెస్ట్‌కు దక్కింది. మ్యాచ్ చివర్లో మోకాలి నొప్పితో బయటకు వెళ్లిన చాంబర్లేన్‌ను రసెల్ తరవాత తప్పుపట్టాడు. ఆ మాటతో ఇద్దరి మధ్య ఇరవై ఏళ్లకు పైగా మాటలు లేకుండా పోయాయి. చివరికి రసెల్ క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ తన చివరి మ్యాచ్‌లో రసెల్ చేసింది 6 పాయింట్లు. తీసిన రీబౌండ్లు 21.

తరవాతి విషయాలు క్లుప్తంగా చెబుతాను. సియాటిల్‌లో నాలుగేళ్లు, శాక్రమెంటోలో కొద్దికాలం కోచ్‌గా ఉన్నాడు, అక్కడ టైటిళ్లు రాలేదు. 1972లో బోస్టన్ అతని 6వ నంబరు జెర్సీని మరెవరికీ ఇవ్వకుండా గౌరవంగా పైకి ఎత్తినప్పుడు, ప్రేక్షకులు రాకముందే ఖాళీ స్టేడియంలో సహచరుల మధ్య జరిపించుకున్నాడు. 1975లో మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికైతే వెళ్లలేదు. తనకన్నా ముందు ఆ గౌరవం దక్కవలసిన నల్లజాతి ఆటగాళ్లున్నారన్నాడు. వారిలో చక్ కూపర్‌కు 2019లో చోటు దొరికాకే హాల్ ఆఫ్ ఫేమ్ ఉంగరం తీసుకున్నాడు. 2009లో ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి అవార్డుకు అతని పేరు పెట్టారు. 2011లో అధ్యక్షుడు ఒబామా చేతుల మీదుగా దేశ అత్యున్నత పౌర పురస్కారం అందుకున్నాడు. 2022 జులై 31న, 88 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ తరవాత 6వ నంబరును కొత్తగా ఎవరికీ ఇవ్వకుండా ఎన్‌బీఏలోని అన్ని జట్లూ పక్కన పెట్టాయి. ఆ లీగ్‌లో ఏ ఆటగాడికీ అంతకుముందు ఇవ్వని గౌరవం అది.

పాత మ్యాచ్‌ల దృశ్యాలు కొన్ని ఇప్పటికీ దొరుకుతాయి. చూసేటప్పుడు బంతి వెంట కళ్లు పోనివ్వకండి. 6వ నంబరు జెర్సీ మీదే నిలపండి. ప్రత్యర్థి గార్డు రింగు వైపు తిరిగిన క్షణంలో రసెల్ పాదాలు ఎటు జరుగుతాయో చూడండి. తరవాత వెనక్కి తిప్పి, ఈసారి ఆ గార్డు ముఖం చూడండి. షాటు వేయబోయి, ఆగి, బంతిని బయటికి తిరిగి పంపేసిన సందర్భాలు ఒక్క మ్యాచ్‌లో ఎన్ని వచ్చాయో కాగితం మీద రాసుకోండి. నా దగ్గరకు వచ్చిన పిల్లల చేత మొదటి నెలలో నేను చేయించే పని అదే.